సంకేతాన్ని బాక్టీరియానే తెంచేస్తే, కణం ఎందుకు చనిపోతోంది?

ప్రశ్న: జిజ్ఞాసి

నమస్కారం. సూక్ష్మజీవశాస్త్రంలో పరిశోధన ఈ మధ్యనే మొదలుపెట్టాను. బాక్టీరియా సోకినప్పుడు మాక్రోఫేజ్‌ల (బాక్టీరియాను మింగే రోగనిరోధక కణాల) లోపల సంకేత ప్రసారం ఎలా మారుతుందో చదువుతుంటే ఒకచోట ముందుకు వెళ్లలేకపోతున్నాను. తెలిసినవారు కాస్త విడమరిచి చెప్పగలరు.

నాకు అర్థమైనంతవరకు వరస ఇది. గ్రామ్ నెగెటివ్ బాక్టీరియా వెలుపలి పొరలో ఉండే లైపోపాలీశాకరైడ్‌ను, అంటే ఎల్‌పీఎస్‌ను, మాక్రోఫేజ్ ఉపరితలం మీది టీఎల్‌ఆర్4 గ్రాహకం గుర్తిస్తుంది. ఆ కబురు మైడీ88 మొదలైన ప్రోటీన్ల మీదుగా ఎన్‌ఎఫ్-కప్పా-బీకి చేరుతుంది. అది కేంద్రకంలోకి వెళ్లి టీఎన్‌ఎఫ్ వంటి సైటోకైన్ల (కణాల మధ్య కబుర్లు మోసే ప్రోటీన్ల) జన్యువులను పనిలో పెడుతుంది. ఇంతవరకు ఇబ్బంది లేదు.

ఇబ్బంది యెర్సీనియా (ప్లేగు బాక్టీరియా చెందిన ప్రజాతి) దగ్గర వచ్చింది. ఈ బాక్టీరియా తన సూదిలాంటి స్రావక నిర్మాణంతో యోప్-జె అనే ప్రోటీన్‌ను మాక్రోఫేజ్‌లోకి ఎక్కించి, పై దారిని మధ్యలోనే తెంచేస్తుందని అన్ని చోట్లా రాసి ఉంది. యోప్-జె ఉన్న మామూలు రకాన్ని ఎలుక మాక్రోఫేజ్‌లకు సోకిస్తే టీఎన్‌ఎఫ్ తక్కువగా వస్తుంది, కానీ కొన్ని గంటల్లోనే కణాలు పెద్ద సంఖ్యలో చనిపోతాయి. యోప్-జె జన్యువును తీసేసిన రకంతో టీఎన్‌ఎఫ్ దండిగా వస్తుంది, కణాలు చాలావరకు బతికే ఉంటాయి. సంకేతం ఆగిపోయిన కణం కదలకుండా మెదలకుండా ఉండాలి కదా, మరి దానికి చావమని చెప్పింది ఎవరు? ఆ చావు వల్ల లాభపడేది బాక్టీరియానా, అతిథేయా? చివరగా, సంకేతాన్ని ఆపడమే బాక్టీరియాలన్నిటి ధ్యేయమని అనుకోవచ్చా?

జవాబు: కణశాస్త్ర ఉపాధ్యాయిని

జిజ్ఞాసి గారూ, మీ వరసలో తప్పేమీ లేదు, కానీ ఒక మెట్టు దాటేశారు. మీ మొదటి ప్రశ్నకు జవాబు ఆ మెట్టులోనే ఉంది కాబట్టి దారి మొత్తం ఒకసారి నెమ్మదిగా నడుద్దాం.

టీఎల్‌ఆర్4 ఒంటరిగా ఎల్‌పీఎస్‌ను పట్టుకోదు. రక్తద్రవంలో ఉండే ఎల్‌బీపీ అనే ప్రోటీన్ ఎల్‌పీఎస్ అణువును బాక్టీరియా పొర నుంచి విడదీసి సీడీ14కు అందిస్తుంది, సీడీ14 దాన్ని ఎండీ-2కు అందిస్తుంది, ఎండీ-2లోని లోతైన గుంటలో ఎల్‌పీఎస్ కొవ్వు తోకలు దిగబడిన తరువాతనే రెండు టీఎల్‌ఆర్4లు జతకడతాయి. జతకట్టగానే వాటి లోపలి కొసల దగ్గర మైడీ88 చేరుతుంది, దాని మీద ఐరాక్4, ఐరాక్1 పేరుకుంటాయి, ట్రాఫ్6 ద్వారా టాక్1 అనే కైనేజ్ (ఇతర ప్రోటీన్ల మీద ఫాస్ఫేట్ తగిలించే ఎంజైమ్) ఉత్తేజితమవుతుంది. దారి చీలేది ఇక్కడే. టాక్1 ఒకవైపు ఐకేకే అనే కైనేజ్ సముదాయాన్ని, మరోవైపు మ్యాప్ కైనేజ్‌ల వరసను నడిపిస్తుంది. ఐకేకే చేసే పని చూడడానికి చాలా చిన్నది. ఎన్‌ఎఫ్-కప్పా-బీని కణద్రవ్యంలో కట్టిపడేసి ఉంచే ఐ-కప్పా-బీ-ఆల్ఫా అనే ప్రోటీన్ మీద 32, 36 స్థానాల్లోని సెరీన్లకు అది ఒక్కొక్క ఫాస్ఫేట్ తగిలిస్తుంది. ఆ గుర్తు పడిన ప్రోటీన్‌కు యుబిక్విటిన్ గొలుసు చేరుతుంది, ప్రోటియసోమ్ దాన్ని ముక్కలు చేస్తుంది, కట్టు వీడిన ఎన్‌ఎఫ్-కప్పా-బీ కేంద్రకంలోకి వెళ్తుంది. ఎల్‌పీఎస్ తగిలిన పదిహేను నిమిషాల నుంచి అరగంట లోపల ఇదంతా జరిగిపోతుంది.

మీరు దాటేసిన మెట్టు ఏమిటంటే, టాక్1, ఐకేకేలు సైటోకైన్ జన్యువులను పనిలో పెట్టడంతో ఆగవు, కణాన్ని బతికించి ఉంచే బాధ్యత కూడా వాటిదే. టీఎల్‌ఆర్4 దారిలోనూ, టీఎన్‌ఎఫ్ గ్రాహకం దారిలోనూ రిప్‌కే1 అనే ప్రోటీన్ కూర్చుని ఉంటుంది. టాక్1 దారి చక్కగా నడుస్తున్నంతసేపు రిప్‌కే1 మీద నిరోధక ఫాస్ఫేట్లు పడుతుంటాయి, అది సంకేతాన్ని ముందుకు పంపే పనికి పరిమితమవుతుంది. ఆ ఫాస్ఫేట్లు పడకపోతే అదే రిప్‌కే1, ప్రోటీన్లను కోసే కాస్పేజ్-8 అనే ఎంజైమ్‌ను దగ్గరకు చేర్చుకుని కణాన్ని చావు వైపు తిప్పుతుంది.

ఇప్పుడు యోప్-జె సంగతి. అది ఎసిటైల్ సమూహాన్ని అతికించే ఎంజైమ్ అని 2006లో తేలింది. మ్యాప్ కైనేజ్‌లను ఉత్తేజపరిచే కైనేజ్‌ల మీదా, ఐకేకే-బీటా మీదా, ఏ సెరీన్, థ్రియోనిన్‌లకు ఫాస్ఫేట్ పడితే అవి మేల్కొంటాయో సరిగ్గా ఆ చోటనే యోప్-జె ఎసిటైల్‌ను తగిలిస్తుంది. తాళం చెవి దూరవలసిన రంధ్రంలో మైనం నింపినట్టు, ఇక అక్కడ ఫాస్ఫేట్‌కు చోటుండదు. టాక్1కూ ఇదే గతి పడుతుందని తరువాత తెలిసింది. దాంతో ఎన్‌ఎఫ్-కప్పా-బీ దారి మూసుకుపోతుంది, టీఎన్‌ఎఫ్ తగ్గుతుంది, కానీ రిప్‌కే1 మీద పడవలసిన నిరోధక ఫాస్ఫేట్లు కూడా పడవు. కాస్పేజ్-8 ఉత్తేజితమవుతుంది. టాక్1 ఆగిపోయినప్పుడు ఈ కాస్పేజ్-8 గ్యాస్‌డెర్మిన్-డి అనే ప్రోటీన్‌ను కూడా కోస్తుందని, కోసిన ముక్కలు కణత్వచంలో రంధ్రాలు ఏర్పరుస్తాయని 2018లో వచ్చిన పరిశోధనలు చూపించాయి.

ఒక చిన్న విషయం గమనించండి. టీఎల్‌ఆర్4 లేని మాక్రోఫేజ్‌లలో యోప్-జె వల్ల కలిగే చావు బాగా తగ్గిపోతుంది. అంటే యోప్-జె తనంతట తాను విషం కాదు. బాక్టీరియా వచ్చిందన్న మొదటి కబురు కణానికి అందాలి, దాని వెంట రావలసిన రెండో కబురు అందకపోవాలి. ఈ రెండూ కలిసినప్పుడే కణం చావును ఎంచుకుంటుంది.

జవాబు: జిజ్ఞాసి

చాలా కృతజ్ఞతలు. రిప్‌కే1 ఇటు బతుక్కీ అటు చావుకీ కూడలిలో ఉందన్న సంగతి నేను చదివిన సమీక్షల్లో ఎక్కడో చివరన ఉంది, దాని బరువు నాకు తెలియలేదు. మరి ఈ ఏర్పాటు యాదృచ్ఛికమా, లేక బాక్టీరియా చేసే విధ్వంసాన్ని కనిపెట్టడానికే కణం దీన్ని పెట్టుకుందా? యెర్సీనియా చంపాలనుకుని చంపుతోందో, కణం తానే చనిపోతోందో ఎలా తేల్చాలి?

జవాబు: మొక్కల తెగుళ్ల విద్యార్థి

ఈ ప్రశ్నను జంతు కణాలకంటే ముందు మొక్కల్లో అడిగారు, అందుకని నేను కలగజేసుకుంటున్నాను. మొక్కలకు తిరుగాడే రోగనిరోధక కణాలు లేవు. ప్రతి కణమూ తన రక్షణ తానే చూసుకోవాలి. బాక్టీరియా లోపలికి ఎక్కించే ప్రోటీన్లు వందల రకాలు, వాటిలో ప్రతిదానికీ ఒక గ్రాహకాన్ని తయారుచేసుకోవడం ఏ జన్యుసంపుటికీ సాధ్యం కాదు. అందుకే బాక్టీరియా ప్రోటీన్‌ను కాక, అది దెబ్బతీసే సొంత ప్రోటీన్‌ను కాపలా కాసే పద్ధతి మొక్కల్లో కనిపిస్తుంది. ప్రయోగాలకు వాడే అరబిడాప్సిస్ అనే చిన్న మొక్కలో రిన్4 అనే ప్రోటీన్ దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణ. ఒక బాక్టీరియా ప్రోటీన్ దాన్ని కోసేస్తే ఆర్‌పీఎస్2 అనే కాపలా గ్రాహకం మేల్కొంటుంది, ఇంకొకటి దాని మీద ఫాస్ఫేట్ పడేలా చేస్తే ఆర్‌పీఎం1 మేల్కొంటుంది. రెండు సందర్భాల్లోనూ ఆ కణం చనిపోతుంది, తెగులు అక్కడే ఆగుతుంది.

మీకు ఆసక్తి కలిగించే మరో సంగతి ఉంది. యోప్-జె కుటుంబానికి చెందిన ప్రోటీన్లు మొక్కల బాక్టీరియాల్లో కూడా ఉన్నాయి. వడలు తెగులు కలిగించే రాల్‌స్టోనియాలోని పాప్-పీ2 వాటిలో ఒకటి. అది డబ్ల్యూఆర్‌కేవై అనే రక్షణ ప్రోటీన్ల మీద ఎసిటైల్ అతికించి వాటిని డీఎన్‌ఏ నుంచి ఊడదీస్తుంది. మొక్క చేసిన పని ఏమిటంటే, అచ్చం అటువంటి డబ్ల్యూఆర్‌కేవై భాగాన్నే తన గ్రాహకమైన ఆర్‌ఆర్‌ఎస్1 కొసకు ఎరగా తగిలించుకుంది. పాప్-పీ2 ఆ ఎర మీద ఎసిటైల్ అతికించగానే ప్రమాదం బయటపడిపోతుంది. ఇంత నిక్కచ్చిగా అమరిన ఎరను చూశాక ఇది యాదృచ్ఛికమని అనడానికి నాకు మనసొప్పదు.

జంతువుల్లో దీనికి దగ్గరి పోలిక పైరిన్ అనే కాపలా ప్రోటీన్. యెర్సీనియా తన యోప్-ఈ, యోప్-టీలతో కణంలోని రో-ఏ అనే చిన్న జీటీపేజ్‌ను (కణంలో స్విచ్‌లా పనిచేసే ప్రోటీన్‌ను) పనికిరాకుండా చేసి, మాక్రోఫేజ్ తనను మింగకుండా చూసుకుంటుంది. రో-ఏ పనిచేస్తున్నంతకాలం దాని కింది కైనేజ్‌లు పైరిన్ మీద ఫాస్ఫేట్ ఉంచి దాన్ని అదుపులో పెడతాయి. రో-ఏ మూగబోగానే ఫాస్ఫేట్ జారిపోతుంది, పైరిన్ కాస్పేజ్-1ను పిలుస్తుంది. పైరిన్ బాక్టీరియాను చూడదు, రో-ఏకు జరిగిన నష్టాన్ని చూస్తుందని 2014లో స్పష్టమైంది. యెర్సీనియా దీనికీ విరుగుడు పెట్టుకుంది. యోప్-ఎం అనే మరో ప్రోటీన్ అదే కైనేజ్‌లను పట్టుకొచ్చి పైరిన్ మీద మళ్లీ ఫాస్ఫేట్ వేయిస్తుంది. పైరిన్ జన్యువులో కొన్ని మార్పులున్నవారికి కుటుంబ మధ్యధరా జ్వరం అనే వంశపారంపర్య వ్యాధి వస్తుంది. ఆ మార్పులున్న పైరిన్‌ను యోప్-ఎం సరిగా అణచలేదని, ప్రాచీన ప్లేగు మహమ్మారుల కారణంగానే ఆ మార్పులు ఆ ప్రాంత జనాభాలో నిలిచి ఉండవచ్చని 2020లో ఒక పరిశోధక బృందం ప్రతిపాదించింది.

ఇక చావు ఎవరికి లాభమన్న దానికి ఎలుకల్లో రెండు సూటి పరీక్షలున్నాయి. రిప్‌కే1 కైనేజ్ గుణం పోగొట్టిన ఎలుకలకు యెర్సీనియా సూడోట్యూబర్క్యులోసిస్ సోకినప్పుడు, కణాలు చనిపోవలసినంతగా చనిపోలేదు, బాక్టీరియా మాత్రం అదుపు తప్పింది, ఎలుకలు మరణించాయి. ఇది 2017 నాటి ఫలితం. అంతకుముందే, 2008లో, యోప్-జెను ఎక్కువగా స్రవించే రకాలూ తక్కువగా స్రవించే రకాలూ పోల్చి చూశారు. ఎక్కువ స్రవించేది కణాలను ఎక్కువగా చంపింది కానీ ఎలుకలో బలహీనపడింది. తక్కువ స్రవించేదే ప్రమాదకరమైనదిగా తేలింది. ప్రకృతిలో నిలిచిన యెర్సీనియా యోప్-జెను పొదుపుగా వాడుతోందంటే, ఈ చావును అది కోరుకోవడం లేదనే నేను అర్థం చేసుకుంటున్నాను.

జవాబు: పేగు సూక్ష్మజీవుల పరిశోధకురాలు

పై రెండు జవాబులతోనూ ఏకీభవిస్తాను, కానీ యెర్సీనియా ఒక్కదాన్నే చూస్తే జిజ్ఞాసి గారి మూడో ప్రశ్నకు తప్పుడు జవాబు వస్తుందేమోనని నా భయం. సంకేతాన్ని ఆపడం బాక్టీరియాలన్నిటి ధ్యేయం కాదు. కొన్నిటికి సంకేతం మోగడమే కావాలి.

సాల్మొనెల్లాను తీసుకోండి. పేగులోకి రాగానే అది సాప్-ఈ వంటి ప్రోటీన్లతో కణంలోని చిన్న జీటీపేజ్‌లను ఉత్తేజపరుస్తుంది, ఇన్‌ఫ్లమేషన్ రగులుతుంది, న్యూట్రోఫిల్‌లు అనే తెల్ల రక్తకణాలు పేగులోకి వెల్లువెత్తుతాయి. ఇదంతా దానికి నష్టం కలిగించాలి కదా. కానీ న్యూట్రోఫిల్‌లు విడుదల చేసే చురుకైన ఆక్సిజన్ రూపాలు పేగులోని థయోసల్ఫేట్‌ను టెట్రాథయోనేట్‌గా మారుస్తాయి. సాల్మొనెల్లా ఆ టెట్రాథయోనేట్‌ను ఆక్సిజన్‌కు బదులుగా శ్వాసక్రియలో వాడుకోగలదు, పక్కనున్న పులియబెట్టే బాక్టీరియాలు అలా వాడుకోలేవు. అప్పటిదాకా సందు ఇవ్వని పేగు సూక్ష్మజీవుల గుంపులో దానికి చోటు దొరుకుతుంది. 2010లో ఈ ఫలితం వెలువడినప్పుడు మా రంగంలో చాలామంది పాత దత్తాంశాలను మళ్లీ తీసి చూసుకోవలసి వచ్చింది.

క్షయ బాక్టీరియా చేసేది మరో రకం. అది సంకేతాన్ని పెంచడమో తగ్గించడమో కాదు, ఒక దారి నుంచి ఇంకో దారికి మళ్లిస్తుంది. మాక్రోఫేజ్ మింగిన తరువాత ఈఎస్‌ఎక్స్-1 అనే స్రావక వ్యవస్థతో ఫాగోసోమ్ (తాను చిక్కుకున్న సంచి) పొరను దెబ్బతీస్తుంది. డీఎన్‌ఏ కణద్రవ్యంలోకి కారుతుంది, సీగ్యాస్, స్టింగ్ అనే ప్రోటీన్లు దాన్ని పసిగట్టి మొదటి రకం ఇంటర్‌ఫెరాన్లను తయారుచేయిస్తాయి. వైరస్ సోకినప్పుడు ఈ ఇంటర్‌ఫెరాన్లు మనకు మేలు చేస్తాయి. క్షయలో మాత్రం ఇవి ఐఎల్-1 అనే సైటోకైన్ పనికి అడ్డు తగులుతాయి, ఆ ఐఎల్-1 లేకపోతే బాక్టీరియాను అదుపు చేయడం కష్టం. వ్యాధి ముదిరినవారి రక్తంలో ఇంటర్‌ఫెరాన్ ప్రేరిత జన్యువుల ముద్ర స్పష్టంగా కనబడుతుందని 2010లోనే ప్రచురితమైంది. ఇక్కడ సంకేతం బలంగానే ఉంది, కణం స్పందిస్తూనే ఉంది, కాకపోతే ఎదురుగా ఉన్న శత్రువుకు పనికివచ్చే స్పందన అది కాదు.

స్టఫిలోకాకస్ ఆరియస్ చేసేది ఇంకా మొరటు పని. దాని టీఎస్‌ఎస్‌టీ-1 అనే విషప్రోటీన్ యాంటిజెన్‌తో (టీ కణాలు గుర్తుపట్టే పదార్థంతో) నిమిత్తం లేకుండా, డెండ్రిటిక్ కణం మీద యాంటిజెన్ ముక్కలను చూపించే ఎంహెచ్‌సీ-2ను టీ కణ గ్రాహకంలోని బీటా భాగానికి నేరుగా జోడిస్తుంది. మామూలు యాంటిజెన్‌కు పదివేలలో ఒక టీ కణం కూడా స్పందించదు, ఇటువంటి సూపర్ యాంటిజెన్‌కు 20 శాతం దాకా స్పందించవచ్చు. ఆ గందరగోళంలో అసలు యాంటిజెన్‌ను గుర్తుపట్టే కణాల గొంతు వినబడదు.

ఆపేవాటిలో కూడా ఒకే పద్ధతి లేదు. ఆంత్రాక్స్ బాక్టీరియా విషంలోని లీథల్ ఫ్యాక్టర్ మ్యాప్ కైనేజ్‌లను ఉత్తేజపరిచే కైనేజ్‌ల కొసను కోసేస్తుంది. షిగెల్లాకు చెందిన ఓస్ప్-ఎఫ్ మ్యాప్ కైనేజ్‌లోని థ్రియోనిన్ మీది ఫాస్ఫేట్‌ను ఎలా తొలగిస్తుందంటే, ఆ థ్రియోనిన్ రసాయనికంగానే మారిపోయి మళ్లీ ఎన్నటికీ ఫాస్ఫేట్‌ను తీసుకోలేదు. మన కణాల్లోని ఫాస్ఫటేజ్‌లు తీసిన ఫాస్ఫేట్‌ను మళ్లీ పెట్టవచ్చు, దీన్ని పెట్టలేం. మూత్రనాళంలో జబ్బు చేసే ఈ-కోలై రకాలు కొన్ని మైడీ88ను పోలిన టీఐఆర్ భాగం ఉన్న ప్రోటీన్‌ను స్రవించి అసలు మైడీ88 పనికి అడ్డుపడతాయి.

జవాబు: అంటువ్యాధుల వైద్యుడు

ప్రయోగశాల మాటలు చాలా బాగున్నాయి. వీటిలో ఏవి మనుషులకు వర్తిస్తాయో చెప్పడానికి మా దగ్గర ప్రకృతి చేసిన కొన్ని ప్రయోగాలున్నాయి.

పుట్టుకతో ఐరాక్4 పనిచేయని పిల్లలను 2003లోనూ, మైడీ88 పనిచేయని పిల్లలను 2008లోనూ వర్ణించారు. ఈ దారి లేని ఎలుకలు ప్రయోగశాలలో ఎన్నో రకాల సూక్ష్మజీవులకు లొంగిపోతాయి కాబట్టి, ఈ పిల్లలు దేనినీ తట్టుకోలేరని అనుకోవడం సహజం. వాస్తవం వేరుగా ఉంది. వాళ్లను ముఖ్యంగా బాధించేవి న్యూమోకాకస్, స్టఫిలోకాకస్ ఆరియస్, సూడోమోనాస్ వంటి, చీము పట్టించే కొద్ది రకాల బాక్టీరియాలు మాత్రమే. ఆ కొద్దీ ప్రాణాంతకమే. పడక పక్కన భయపెట్టే విషయం ఏమిటంటే, మెదడు పొరలకు ఇన్ఫెక్షన్ చేరిన బిడ్డలో కూడా మొదట్లో జ్వరం అంతగా ఉండకపోవచ్చు, ఇన్‌ఫ్లమేషన్‌కు గుర్తుగా రక్తంలో కొలిచే సీఆర్‌పీ పెద్దగా పెరగకపోవచ్చు. ఆ రెండూ ఈ సంకేత మార్గం ఫలితాలే. ఐఎల్-1, ఐఎల్-6లు రాకపోతే హైపోథాలమస్‌కు జ్వరం కబురు అందదు, కాలేయం సీఆర్‌పీ తయారుచేయదు. కౌమారం దాటేసరికి వీరిలో తీవ్రమైన ఇన్ఫెక్షన్లు తగ్గిపోతాయి, అప్పటికి అర్జిత రోగనిరోధకత కొంత భారం పంచుకుంటుందని భావిస్తారు.

పెద్దవారిలో ఇదే పరిస్థితిని మందులతో మేమే సృష్టిస్తుంటాం. కీళ్లవాతానికి టోసిలిజుమాబ్ తీసుకుంటున్నవారిలో ఐఎల్-6 గ్రాహకం మూసుకుని ఉంటుంది కాబట్టి, న్యుమోనియా వచ్చినా సీఆర్‌పీ చూసి ధైర్యం చెప్పకూడదు. ఇన్‌ఫ్లిక్సిమాబ్ వచ్చిన కొత్తలో, 2001లో, అది వాడినవారిలో నిద్రాణమైన క్షయ తిరగబెడుతోందన్న నివేదిక వెలువడింది. గ్రాన్యులోమా (క్షయ బాక్టీరియాను బంధించి ఉంచే కణాల గడ్డ) గోడ నిలబడడానికి టీఎన్‌ఎఫ్ ఎంత అవసరమో అంత స్పష్టంగా ఏ ఎలుకా చెప్పలేదు. అందుకే ఇప్పుడు ఆ మందు మొదలుపెట్టే ముందు క్షయ పరీక్ష తప్పనిసరి.

సెప్సిస్ (ఇన్ఫెక్షన్‌కు శరీరం అదుపు తప్పి స్పందించి అవయవాలు దెబ్బతినడం) గురించి ఎవరూ అడగలేదు గానీ, ఈ చర్చకు అది దూరం కాదు. ఎల్‌పీఎస్ ఇచ్చినా చావని సీ3హెచ్/హెచ్‌ఈజే ఎలుకల్లో టీఎల్‌ఆర్4 ప్రోటీన్‌లో ఒకే ఒక అమైనో ఆమ్లం, 712వ స్థానంలోని ప్రోలీన్, హిస్టిడిన్‌గా మారి ఉందని 1998లో బ్రూస్ బాయిట్లర్ బృందం కనుగొంది. ఈగల్లో టోల్ జన్యువు పాత్రను తేల్చిన జూల్స్ హాఫ్‌మన్‌తోనూ, డెండ్రిటిక్ కణాలను కనుగొన్న రాల్ఫ్ స్టైన్‌మన్‌తోనూ కలిపి ఆయనకు 2011లో నోబెల్ బహుమతి వచ్చింది. టీఎల్‌ఆర్4ను మూసేస్తే సెప్సిస్ రోగులు బతుకుతారని అప్పట్లో ఎంతో ఆశ పెట్టుకున్నారు. ఎరిటోరాన్ అనే మందు సరిగ్గా ఆ పనే చేసింది. 2013లో వెలువడిన పెద్ద పరీక్షలో అది 28 రోజుల మరణాలను తగ్గించలేదు. నా అభిప్రాయంలో కారణం మందులో కంటే సమయంలో ఉంది. రోగి మా దగ్గరికి వచ్చేసరికి ఆ మొదటి అరగంట ఎప్పుడో గడిచిపోయి ఉంటుంది. చాలామంది రోగుల మోనోసైట్‌లు (రక్తంలోని మాక్రోఫేజ్ పూర్వకణాలు) అప్పటికే యాంటిజెన్‌ను చూపించే హెచ్‌ఎల్‌ఏ-డీఆర్‌ను తగ్గించుకుని మందకొడిగా మారి ఉంటాయి. పైగా అవే సీ3హెచ్/హెచ్‌ఈజే ఎలుకలకు ఎల్‌పీఎస్ కాకుండా బతికున్న సాల్మొనెల్లా సోకితే, సాధారణ ఎలుకల కంటే చాలా తేలిగ్గా చనిపోతాయి. ఎల్‌పీఎస్ విషంగా పనిచేయడానికీ, బతికున్న బాక్టీరియాను ఎదుర్కోవడానికీ వాడుకునే దారి ఒక్కటే.

టీఎల్‌ఆర్4 మూసేసినా ఎల్‌పీఎస్‌కు ఇంకో ద్వారం ఉందన్నది మరో సంగతి. అది కణద్రవ్యంలోకి చేరితే మనుషుల్లో కాస్పేజ్-4, ఎలుకల్లో కాస్పేజ్-11 దాన్ని నేరుగా పట్టుకుని గ్యాస్‌డెర్మిన్-డిని కోస్తాయి.

జవాబు: జిజ్ఞాసి

అందరికీ ధన్యవాదాలు. వైద్యుడు గారు సమయం గురించి అన్న మాట నా పనికీ తగులుతోంది. వచ్చే నెల నుంచి ఎలుక ఎముక మజ్జ మాక్రోఫేజ్‌లతో ఈ ప్రయోగమే చేయబోతున్నాను. సోకించిన 24 గంటల తరువాత ద్రవంలో టీఎన్‌ఎఫ్ కొలిచి, అదే సమయానికి ఐ-కప్పా-బీకి బ్లాట్ (ప్రోటీన్‌ను యాంటీబాడీతో పట్టీగా చూపే పరీక్ష) చేయాలని ప్రణాళిక. ఇది సరిపోతుందా?

జవాబు: బ్లాట్ బాధితుడు

సరిపోదు. 24 గంటలకు మీరు చూసేది సంకేతాన్ని కాదు, దాని శిథిలాలను.

ఐ-కప్పా-బీ-ఆల్ఫా జన్యువును పనిలో పెట్టేది ఎన్‌ఎఫ్-కప్పా-బీయే. అందుకని ఎల్‌పీఎస్ ఇచ్చిన 15 నుంచి 30 నిమిషాల్లో మాయమైన పట్టీ గంట గడిచేసరికి కొత్తగా తయారైన ప్రోటీన్‌తో మళ్లీ ప్రత్యక్షమవుతుంది. ఆ తరువాత ఏ-20 వంటి అదుపు ప్రోటీన్లు కూడా వచ్చి చేరతాయి. మరుసటి రోజు తీసిన బ్లాట్‌లో సంకేతం అందుకున్న కణమూ, అసలు అందుకోని కణమూ ఒకేలా కనబడవచ్చు. 0, 15, 30, 60, 120 నిమిషాల్లో నమూనాలు తీయండి. ఐ-కప్పా-బీతో పాటు ఫాస్ఫేట్ పడిన రూపానికి వేరే యాంటీబాడీ వాడండి. ప్రోటీన్ తగ్గకపోవడానికి కారణం ఫాస్ఫేట్ పడకపోవడమా, పడినా ప్రోటియసోమ్ దాకా చేరకపోవడమా అన్నది ఈ రెండు పట్టీలను పక్కపక్కన చూస్తేనే తెలుస్తుంది. బాక్టీరియా కణాన్ని తాకి యోప్-జెను ఎక్కించడానికి కొంత సమయం పడుతుంది కాబట్టి, తొలి నమూనాలో మామూలు రకానికీ యోప్-జె లేని రకానికీ తేడా కనబడకపోయినా కంగారు పడకండి.

వేడితో చంపిన బాక్టీరియాను నియంత్రణగా పెట్టుకుంటే మంచిది, కానీ దాని అర్థం తెలిసి పెట్టుకోండి. చచ్చిన బాక్టీరియాలో ఎల్‌పీఎస్ అలాగే ఉంటుంది, సూది మాత్రం పనిచేయదు. అది మీకు తెంచని సంకేతం ఎలా ఉంటుందో చూపిస్తుంది. యెర్సీనియా ఎల్‌పీఎస్ ఉష్ణోగ్రతను బట్టి మారుతుందని కూడా మరవకండి. ప్లేగు బాక్టీరియా 37 డిగ్రీల దగ్గర ఎక్కువగా నాలుగు తోకల ఎల్‌పీఎస్ తయారుచేస్తుంది, మనిషి టీఎల్‌ఆర్4కు అది సరిగా ఆనదు. ప్లేగును మోసే ఫ్లీ అనే రక్తం పీల్చే పురుగు శరీరంలో ఉండే తక్కువ ఉష్ణోగ్రతలో ఆరు తోకలది కూడా తయారుచేస్తుంది. మీరు వాడేది దాని దగ్గరి బంధువే కాబట్టి, రెండు రకాలనూ అన్ని పర్యాయాల్లో ఒకే ఉష్ణోగ్రత వరసలో పెంచకపోతే తేడా యోప్-జె వల్ల వచ్చిందో, ఎల్‌పీఎస్ వల్ల వచ్చిందో మీరే చెప్పలేరు.

అన్నిటికంటే పెద్ద ఉచ్చు టీఎన్‌ఎఫ్ కొలతలో ఉంది. చచ్చిన కణం టీఎన్‌ఎఫ్ తయారుచేయదు. మామూలు రకంతో కణాలు సగానికి సగం పోయినప్పుడు ద్రవంలో టీఎన్‌ఎఫ్ తగ్గితే, అది సంకేతం ఆగినందువల్లనా, తయారుచేసే కణాలే లేనందువల్లనా? అదే పాత్రలోని ద్రవంలో, చనిపోయిన కణాల నుంచి కారే ఎల్‌డీహెచ్ అనే ఎంజైమ్‌ను కూడా కొలిచి చావు శాతం తెలుసుకోండి. చావు మొదలవకముందే, రెండు మూడు గంటల లోపల, కణం లోపలి టీఎన్‌ఎఫ్‌కు రంగు వేసి ఫ్లో సైటోమెట్రీలో ఒక్కొక్క కణాన్నీ విడిగా చూడగలిగితే ఇంకా మేలు.

విడిగా చూడమనడానికి కారణం ఉంది. ఒకే పాత్రలో యోప్-జె ఎక్కిన కణాలూ, ఎక్కని కణాలూ కలిసి ఉంటాయి. ఎక్కనివి ఎల్‌పీఎస్‌కు యథావిధిగా స్పందించి టీఎన్‌ఎఫ్ పోస్తుంటాయి, ఎక్కినవి మౌనంగా ఉంటాయి, ద్రవంలో కనబడేది ఆ రెండిటి సగటు. బాక్టీరియా ప్రోటీన్‌కు బీటా-లాక్టమేజ్‌ను జోడించి, అది కోస్తే ఆకుపచ్చ నుంచి నీలానికి మారే రంగును మాక్రోఫేజ్‌లలో నింపే పద్ధతి ఉంది. నీలంగా మారినవి సూది దిగిన కణాలు, ఆకుపచ్చగా మిగిలినవి సూది దిగకుండా పక్కన ఉన్నవి. ఒక బాక్టీరియాకు ఒక కణం, పది బాక్టీరియాలకు ఒక కణం అనే రెండు నిష్పత్తుల్లోనూ నీలం కణాల శాతం ముందు చూసుకుని, ఆ తరువాతనే బ్లాట్‌లకు కణాలు పోయండి. నీలం కణాలు పావువంతు కూడా లేని పాత్రలో బ్లాట్ చేస్తే, యోప్-జె ఎంత సమర్థంగా పనిచేసినా మిగతా ముప్పావువంతు కణాల సంకేతమే మీ పట్టీల్లో కనబడుతుంది.